పిండం తొలి రోజుల్ని క్లే ముద్దతో, తువ్వాలుతో, నత్త గుడ్లతో నేర్చుకోవడం ఎలా?

పిండాభివృద్ధి పాఠం అనగానే చాలామందికి గుర్తొచ్చేది దశల పేర్ల వరస. మారులా, బ్లాస్టులా, గాస్ట్రులా, న్యూరులా. నేనూ డిగ్రీలో ఆ నాలుగింటినీ వల్లె వేసి, పరీక్షలో గాస్ట్రులా బొమ్మ ముచ్చటగా గీసి, దాని రంధ్రం పక్కన బాణం గుర్తు పెట్టి ‘నోరు’ అని రాసి వచ్చాను. గీసింది సీ అర్చిన్ బొమ్మ. ఒళ్లంతా ముళ్లుండే ఆ సముద్ర జీవిలో ఆ రంధ్రం మలద్వారం అవుతుంది! బొమ్మ కంఠతా వచ్చింది గానీ, అక్కడ ఏం జరుగుతోందో నాకు తెలియనే తెలియదు.

క్లే ముద్ద చేతిలోకి తీసుకున్నాకే సంగతి బోధపడింది. చేప, కప్ప, కోడి, ఎలుక, మనిషి ఏదైనా సరే, పిండం మొదట్లో చేసే పనులు నాలుగైదుకు మించవు. తెగుతుంది, లోపలికి దిగుతుంది, మడుచుకుంటుంది, గణుపులు గణుపులుగా విడుతుంది. ఈ పనులన్నీ మీ చేతులతో మీరే చేసి చూడొచ్చు. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ఆఖరి పనికి మాత్రం రెండు మూడు వారాల ఓపిక కావాలి.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

నీలం, ఎరుపు, పసుపు రంగుల క్లే. మొద్దు కత్తి లేదా ప్లాస్టిక్ స్కేలు. గాలి సగం తీసేసిన మెత్తటి రబ్బరు బంతి. చేతి తువ్వాలు, లావుపాటి దారం, ఓ గుప్పెడు పూసలు, రెండు తెల్ల కాగితాలు. భూతద్దం, గాజు సీసా చివర్లో పనికొస్తాయి. మైక్రోస్కోప్ దొరికితే పండగే.

రంగుల విషయంలో సొంత కవిత్వం వద్దు. పిండశాస్త్ర పుస్తకాల్లో పై పొర అయిన బహిస్త్వచానికి నీలం, నడిమి పొర మధ్యత్వచానికి ఎరుపు, లోపలి పొర అంతస్త్వచానికి పసుపు వాడటం రివాజు. మీరూ అదే పాటిస్తే తర్వాత ఏ పుస్తకం తెరిచినా బొమ్మ ఇట్టే అర్థమవుతుంది.

ముద్దను కోయండి, పెంచకండి

నిమ్మకాయంత క్లే ఉండ చేయండి. అది ఫలదీకరణం చెందిన అండం. దాన్ని నిలువునా రెండుగా కోయండి. మళ్లీ నిలువునా, మొదటి కోతకు అడ్డంగా కోస్తే నాలుగు. ఇప్పుడు నడుము దగ్గర అడ్డంగా కోస్తే ఎనిమిది. ముక్కల్ని ఒక్కొక్కటీ ఉండ చేసి మళ్లీ దగ్గరకు చేర్చండి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మొత్తం క్లే పెరిగిందా? లేదు. మామూలు కణం రెండయ్యే ముందు తిని పెరుగుతుంది. పిండం తొలి కణాలు అలా పెరగవు, తెగుతూ పోతాయంతే. అందుకే దీన్ని విభజన అని సరిపెట్టకుండా ‘విదళనం’ అని వేరే పేరు పెట్టారు. ఎనిమిది ఉండల్లో ప్రతి ఒక్కటీ అసలు ఉండ అడ్డుకొలతలో సగం ఉంటుంది. కానీ అన్నిటి ఉపరితలం కలిపితే మొదటిదానికి రెట్టింపు.

వేగం జంతువును బట్టి మారుతుంది. ప్రయోగశాలల్లో పెంచే ఆఫ్రికా కప్ప జెనోపస్‌లో మొదటి కోతకు గంటన్నర పడుతుంది, ఆ తర్వాత అరగంటకొకటి చొప్పున 12 కోతలు పడేసరికి సుమారు 4,000 కణాలు తయారవుతాయి. జీబ్రా చేపలో మొదటి కోత ముప్పావు గంటకు, తర్వాతివి పావుగంటకొకటి. మనిషి పిండానిది నింపాదైన నడక. రెండు కణాలు కావడానికే దాదాపు ఒక రోజు, మూడో రోజుకు ఎనిమిది కణాలు. అప్పటిదాకా పని నడిచేది చాలావరకు తల్లి అండంలో దాచి ఉంచిన సరంజామాతోనే. పిండం సొంత జన్యువులు పెద్ద ఎత్తున మేలుకునేది నాలుగు, ఎనిమిది కణాల దశలో.

రెండు కణాల దగ్గర ఉండగానే ముక్కల్ని విడదీస్తే? 1890ల మొదట్లో జర్మన్ జీవశాస్త్రవేత్త హాన్స్ డ్రీష్ సీ అర్చిన్ పిండాలతో చేసింది ఇదే. సగం పిండం వస్తుందనుకుంటే, చిన్నదే అయినా పూర్తి డింభకం వచ్చింది. ఒకేలా ఉండే మానవ కవలలు పుట్టే దారీ ఇలాంటిదే. ఒంటి మీద కవచం ఉండే అమెరికా ఖండాల జంతువు ‘తొమ్మిది పట్టీల ఆర్మడిల్లో’ అయితే మామూలుగానే ఒక్క అండం నుంచి నాలుగు పిల్లల్ని కంటుంది.

పచ్చసొన ఎంతుందో చూసుకోండి

ఇప్పుడు పెద్ద బత్తాయంత పసుపు ముద్ద చేసి, దాని నెత్తిన బఠాణీ గింజంత నీలం క్లే అతికించండి. కత్తితో నీలం ముక్కను మాత్రమే కోయండి. కోడి గుడ్డు, చేప గుడ్డు ఇలాంటివి. పచ్చసొన అంత పెద్దదైతే కోత దాన్ని దాటి వెళ్లలేదు. కాబట్టి పిండం బంతిలా కాకుండా, సొన మీద వేసిన పలచటి బిళ్లలా మొదలవుతుంది. కోడి పెట్టిన తాజా గుడ్డులోనే ఆ బిళ్లలో వేల కణాలు ఉంటాయి.

మనిషి అండంలో పచ్చసొన దాదాపు లేదు. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో పదో వంతు. లెక్క ప్రకారం కప్పలా బంతిగానే సాగిపోవాలి. కానీ రెండో వారానికి మానవ పిండం బుద్ధిగా బిళ్లలా పరుచుకుంటుంది, కింద పెద్ద సొన ఉన్నట్టే! సొన లేని సొనసంచి కూడా ఒకటి తయారవుతుంది. మన పూర్వీకులు సొన నిండిన గుడ్లు పెట్టిన జంతువులు. సొన పోయినా ఆ పద్ధతి పోలేదు. నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

మానవ పిండం అయిదో రోజుకు లోపల నీళ్లున్న బుడగలా, అంటే బ్లాస్టోసిస్ట్‌గా ఉంటుంది. బుడగ గోడ మాయ తయారీలోకి వెళ్తుంది, లోపల ఒక మూలన చేరిన చిన్న కణాల గుంపే మనిషి. క్లేతో బుడగ చేయడం కష్టం, బొమ్మ గీసుకుని ముందుకు వెళ్లండి.

బొటనవేలు లోపలికి నొక్కండి

అసలు పని ఇది. దీనికి తొందరపడకండి.

గాలి సగం తీసిన బంతిని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి బొటనవేలితో ఒకవైపు లోపలికి నొక్కండి. గిన్నెలా సొట్ట పడుతుంది. ఇప్పుడు బంతికి రెండు గోడలు. బయటిది బహిస్త్వచం, వేలికి తగులుతున్నది అంతస్త్వచం. వేలు ఉన్న గుంట రాబోయే పేగు. వేలు దూరిన రంధ్రమే నా కొంప ముంచిన రంధ్రం. సీ అర్చిన్లు, నక్షత్ర చేపలు, మనలాంటి వెన్నెముక జీవులు ఉన్న శాఖలో అది మలద్వారం వైపు, నోరు ఆ తర్వాత అవతలి కొసన తెరుచుకుంటుంది. జెల్లీ చేపలు ఈ రెండు పొరలతోనే బతుకు వెళ్లదీస్తాయి. మిగతా జంతువుల్లో చాలావాటికి మధ్యలో మూడో పొర కూడా ఉంటుంది.

సీ అర్చిన్‌కు వేలితో నొక్కినట్టే జరుగుతుంది. కప్పలో అలా కాదు. కణాలు ఒక చిన్న పెదవి లాంటి అంచు దగ్గరకు వచ్చి, దాని మీదుగా దొర్లి లోపలికి జారుతాయి. ఆ పై పెదవి ముక్కను ఒక న్యూట్ (కప్పలకు చుట్టమైన, తోక ఉండే ఉభయచరం) పిండం నుంచి కోసి, మరో న్యూట్ పిండం పొట్ట భాగంలో అతికించింది జర్మన్ పిండశాస్త్రవేత్త హిల్డె మాంగోల్డ్. అక్కడ రెండో వెన్ను, రెండో నాడీ నాళం మొలిచాయి. ఒక పిండం లేతది, రెండోది నల్లటిది కావడంతో ఎవరి కణాలు ఎక్కడున్నాయో కనిపెట్టగలిగారు. రెండో శరీరం చాలావరకు ఆతిథ్యమిచ్చిన పిండం కణాలతోనే తయారైంది. అతికించిన ముక్క చేసింది మేస్త్రీ పని. ఆ వ్యాసం 1924లో వచ్చింది, అదే ఏడాది ఆమె ప్రమాదంలో చనిపోయింది. 1935లో నోబెల్ బహుమతి ఆమె గురువు హాన్స్ స్పెమాన్‌కు దక్కింది.

ఇక బిళ్లగా ఉండే కోడి, మనిషి పిండాల కోసం కాగితాలు తీసుకోండి. ఒకదాని మీద ఒకటి పరిచి, పై కాగితంలో నడిమి నుంచి ఒక చివరిదాకా నిలువుగా చీలిక పెట్టండి. దీన్ని ఆదిమ రేఖ అంటారు. మనిషిలో ఇది సుమారు 15వ రోజున కనిపిస్తుంది. పసుపు క్లే ముక్కలు నాలుగు చీలికలోంచి కిందికి తోసి, కింది కాగితాన్ని పక్కకు లాగేయండి. తర్వాత ఎర్ర ముక్కలు తోసి, పసుపుకూ పై కాగితానికీ మధ్య పరచండి. పైన మిగిలిందాన్ని నీలం అనుకోండి. మూడు పొరలూ పై పొర నుంచే వచ్చాయని గమనించారా? కింద ముందే ఉన్న పొర మన శరీరంలో ప్రధాన పాత్ర ఏదీ పోషించకుండానే తప్పుకుంటుంది.

పొరల వాటాలు కూడా ఇక్కడే చెప్పేసుకుందాం. నీలానికి చర్మం పైపొర, వెంట్రుకలు, పంటి ఎనామిల్, మెదడు, నరాలు. ఎరుపుకు కండరాలు, ఎముకలు, గుండె, రక్తం, మూత్రపిండాలు. పసుపుకు పేగుల, ఊపిరితిత్తుల లోపలి పూత, కాలేయం, క్లోమం. చర్మమూ మెదడూ ఒకే ఇంటి బిడ్డలని తెలిసిన రోజు నేను చాలాసేపు నా మోచేతినే చూస్తూ కూర్చున్నాను.

తువ్వాలు మడవండి

తువ్వాలును బల్ల మీద పొడవుగా పరిచి, దాని కింద నడిమధ్యలో దారం పెట్టండి. దారం పృష్ఠవంశం, అంటే పిండం వీపు పొడవునా ఉండే కడ్డీ. ఇప్పుడు తువ్వాలు నడిమి భాగాన్ని దారం మీదికి కొంచెం నొక్కి ఉంచి, రెండు పక్కలా గట్లు లేపి, వాటిని దగ్గరకు తెచ్చి కలపండి. లోపల గొట్టం ఏర్పడింది కదా, అది నాడీ నాళం. ముందు కొస మెదడు, మిగతాది వెన్నుపాము. చేప పిండంలో మొదట గట్టి కడ్డీలా ఏర్పడి తర్వాత లోపల బోలు అవుతుంది గానీ, చేరే గమ్యం ఒక్కటే.

కలపడం నడుమ నుంచి మొదలుపెట్టి రెండు కొసలకూ సాగించండి. మనిషిలో తల వైపు కొస సుమారు 25వ రోజున, తోక వైపు కొస 28వ రోజున మూసుకుంటాయి. తల వైపు మూసుకోకపోతే మెదడు సరిగా ఏర్పడదు, కింద మూసుకోకపోతే స్పైనా బిఫిడా అనే వెన్ను లోపం వస్తుంది. తేదీలు మళ్లీ చూడండి. గర్భం వచ్చిందని చాలామందికి అప్పటికి తెలియనే తెలియదు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున గర్భం దాల్చకముందు నుంచే తీసుకోమని వైద్యులు చెప్పేది అందుకే. గర్భం ఖాయమయ్యాక మొదలుపెడితే తువ్వాలు అప్పటికే మడిచేసి ఉంటుంది.

దారాన్ని పారేయకండి. పృష్ఠవంశం మనలో పూర్తిగా పోదు. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల్లోని మెత్తటి గుజ్జు దాని మిగులే.

పూసలు గుచ్చండి

నాళానికి రెండు పక్కలా పూసలు జతలు జతలుగా, తల వైపు నుంచి తోక వైపుకు పేర్చండి. వీటిని సొమైట్లు అంటారు. వెన్నుపూసలూ వీపు కండరాలూ వీటి నుంచే వస్తాయి. అన్నీ ఒకేసారి పేర్చేయకుండా గడియారం పెట్టుకుని పేరిస్తే మజా. జీబ్రా చేపలో అరగంటకో జత, కోడిలో గంటన్నరకో జత, ఎలుకలో రెండు గంటలకో జత, మనిషిలో సుమారు అయిదు గంటలకో జత. కణాల్లో కొన్ని జన్యువులు లయగా వెలిగి ఆరుతూ ఉంటాయి, ఒక్కో విడతకు ఒక్కో జత తెగుతుంది. మనిషికి మొత్తం నలభై పైచిలుకు జతలు. కార్న్ స్నేక్ అనే పాముకు 300 పైనే. పాముకు కొత్త పరికరమేమీ దొరకలేదు, పెరుగుదలతో పోలిస్తే దాని గడియారం వడిగా కొట్టుకుంటుంది, అంతే.

ఏ పూస మెడ, ఏ పూస నడుము అన్నది హాక్స్ జన్యువులు తేలుస్తాయి. క్రోమోజోమ్ మీద అవి ఉన్న వరసా, తల నుంచి తోక దాకా అవి పనిచేసే వరసా ఒకటే. ఈగలోనూ అంతే, ఎలుకలోనూ అంతే.

గొంతు దగ్గర వేళ్లు పెట్టండి

మీ మోడల్ మెడకు రెండు వైపులా నాలుగైదు చిన్న క్లే కడ్డీలు ఒకదాని కింద ఒకటి అతికించండి. ఇవి గ్రసని చాపాలు. చేపలో వీటిలో ఎక్కువ భాగం మొప్పలకు ఆధారమవుతాయి. మనిషిలో నాలుగో వారంలో కనిపించి వేరే దారి పడతాయి. మొదటి చాపం నుంచి దవడ, చెవిలోని రెండు చిన్న ఎముకలు. రెండో దాని నుంచి చెవిలోని మూడో ఎముక స్టేపిస్. కింది చాపాల నుంచి స్వరపేటిక మృదులాస్థులు. ఇప్పుడు వేలు దవడ మీద పెట్టి చెవి దాకా, అక్కడి నుంచి కంఠం ముడి దాకా జరపండి. ఆ దారంతా చాపాల దారే.

‘మనిషి పిండం కొన్నాళ్లు చేపగా ఉంటుంది’ అనే మాట మీకు ఎక్కడో తగులుతుంది. నమ్మకండి. మన చాపాలు ఎన్నడూ మొప్పలు కావు, వాటితో మనం ఎన్నడూ ఊపిరి తీయం. మన పిండానికి పోలిక చేప పిండంతో, పెద్ద చేపతో కాదు. ఈ తేడాను 1828లోనే పిండశాస్త్రవేత్త కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేయర్ స్పష్టంగా రాశాడు. ఆయన దగ్గర స్పిరిట్‌లో భద్రపరిచిన రెండు పిండాలకు పేరు చీటీలు అతికించడం మరిచిపోయాడట. అవి బల్లులవో, పక్షులవో, క్షీరదాలవో తానే తేల్చుకోలేకపోయానని ఒప్పుకున్నాడు.

బొమ్మలు పక్కపక్కన పెట్టి పోల్చండి

చేప, కోడి, ఎలుక, మనిషి పిండాల ఫొటోలు సంపాదించండి. చేతిగీతలు వద్దు, ఫొటోలే కావాలి. జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ 1874లో అచ్చు వేసిన ప్రసిద్ధ బొమ్మల్లో పోలికలు ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపించారు. 1997లో మైకేల్ రిచర్డ్‌సన్ బృందం నిజం పిండాల ఫొటోలు పక్కన పెట్టి ఆ తేడాను బయటపెట్టింది. పాత పాఠ్యపుస్తకాల్లో ఆ గీతల నకళ్లు ఇప్పటికీ తగులుతాయి.

ఫొటోలు ఎంచేటప్పుడు వయసును బట్టి పోకండి, దశను బట్టి ఎంచండి. జీబ్రా చేపకు 24 గంటలు, కోడికి మూడు రోజులు, ఎలుకకు పది రోజులు, మనిషికి నాలుగు వారాలు దాదాపు ఒకే మెట్టు. కొలత కూడా రాసుకోండి. మనిషిది సుమారు 4 మిల్లీమీటర్లు, చేపది 2 కూడా ఉండదు. ఆ వరస పైన ఇంకో వరస, తొలి కోతల దశవి పెట్టండి. ముందు పెట్టిన వరస కింద పుట్టబోయే ముందువి. నడిమి వరసే ఎక్కువ పోలికగా కనిపిస్తుంది, పైనా కిందా తేడాలే ఎక్కువ. ఇసుక గడియారం నడుములాంటి ఆకారం అన్నమాట. ‘అన్ని పిండాలూ మొదట్లో ఒకేలా ఉంటాయి’ అని రాసే వాళ్లకు ఈ మూడు వరసలూ చూపించండి.

ఇక ప్రాణమున్న గుడ్లు

కోడి గుడ్లు పగలగొట్టడం నాకు ఇష్టం లేదు. పొదుగులో ఉన్న గుడ్డు దొరికితే, నాలుగో రోజు చీకటి గదిలో వెనక నుంచి టార్చి వేసి చూడండి. ఎర్రటి సాలీడులా నెత్తుటి నాళాలు కనిపిస్తాయి. ఒక్క నిమిషంలో చూసి మళ్లీ వెచ్చటి చోట పెట్టేయండి.

అంతకన్నా తేలిక చెరువు నత్త గుడ్లు. నీటి మొక్కల ఆకుల అడుగున జెల్లీ తునకలా, లోపల సన్నటి చుక్కలతో ఉంటాయి. చేతికి తొడుగు వేసుకుని, ఆకుతో సహా తెంపి, అదే చెరువు నీళ్లు పోసిన సీసాలో పెట్టండి. ఎండ నేరుగా తగలనివ్వకండి. రోజు మార్చి రోజు సగం నీళ్లు మార్చండి, కొళాయి నీళ్లు మాత్రం పోయొద్దు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. చెరువు నత్తల్లో పరాన్నజీవులు ఉండే అవకాశం ఉంది.

గుడ్లు ఆ రోజే పెట్టినవై, మైక్రోస్కోప్ ఉంటే కోతలు కనిపిస్తాయి. ఎనిమిది కణాల దశలో పై నాలుగూ కింది నాలుగింటి మీద నిటారుగా కూర్చోవు, మెలి తిరిగి సందుల్లో కూర్చుంటాయి. మీ క్లే ఉండల్ని అలా తిప్పి చూడండి. ఆ మెలిక కుడికా ఎడమకా అన్నదాన్ని బట్టే తర్వాత చిప్ప చుట్టు ఎటు తిరిగేదీ తేలుతుంది. కొద్ది రోజులకు పిండం గుడ్డులోనే గిరగిరా తిరుగుతుంది, సన్నటి నూగు లాంటి శైలికలతో. దీనికి భూతద్దమే చాలు. ఆ తర్వాత చిప్ప, రెండు నల్లటి కళ్ల చుక్కలు, కొట్టుకునే గుండె. వెచ్చదనాన్ని బట్టి రెండు మూడు వారాల్లో పిల్లలు బయటికి పాకుతాయి.

వదిలేటప్పుడు తెచ్చిన చెరువులోనే వదలండి. అంతకుముందు ఒక పిల్లను భూతద్దం కింద పెట్టి, చిప్ప కొన పైకి ఉండేలా, చిప్ప నోరు (నత్త బయటికి వచ్చే రంధ్రం) మీ వైపు ఉండేలా చూడండి. నోరు కుడి పక్కన ఉంటే కుడి చుట్టు, ఎడమ పక్కన ఉంటే ఎడమ చుట్టు. అది ఆ పిల్ల సొంత జన్యువులు చెప్పిన చుట్టు కాదు, గుడ్డు పెట్టిన తల్లి జన్యువులు చెప్పింది. పిల్ల జన్యువుల మాట చెల్లేది దాని పిల్లల చిప్పల మీదే.